చిల్లకల్లు పరిసరములలో విహారము

మాది చిల్లకల్లు. విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రాజమార్గమున, నందిగామకును జగ్గయ్యపేటకును నడుమ నున్నది మా గ్రామము. పూర్వము ఇది కృష్ణాజిల్లాలో మెరకప్రాంతము. 2022వ సంవత్సరమున జిల్లాలను పునర్విభజించినప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. మాకు తూర్పున మునేరు, పడమట పాలేరు, దక్షిణమున కృష్ణానది ప్రవహించుచున్నవి. ఈ మూడు నదుల నడుమ పుట్టి పెరిగియు, మా చుట్టుపట్ల నున్న వింతలను మేము ఎన్నడును చూచి యెరుగము. దూరపు కొండలు నునుపుగా కనిపించును గదా! విహారయాత్ర యనగానే మా విద్యార్థులందరికిని ఊటీయో, మైసూరో జ్ఞప్తికి వచ్చెడిది.

ఒకనాడు మా తెలుగు మాస్టరుగారు తరగతిలో, "ఇంటిముంగిట నున్న దానిని చూడనివాడు దేశాంతరము పోయి యేమి చూచును? వచ్చే శనివారము మన ఊరి చుట్టుపట్ల తిరిగి వత్తము. సద్దిమూటలతో రండు" అనిరి. మా తరగతివారము నలుబది యిద్దరము. పుష్యమాసపు చలిలో, తెల్లవారకముందే బస్సు నిలుచుచోట చేరితిమి. పెరుగన్నము, ఆవకాయ, పులిహోర – ఎవరి మూటలు వారివి.

జగ్గయ్యపేట మాకు కొలదిదూరమే. దీని పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడను జమీందారు తన తండ్రి జగ్గయ్యపేర ఇచ్చట పేటను కట్టించుటచే దీనికి ఈ పేరు వచ్చినది. మేము బజారులో నిలువక, ధనబోడు అను చిన్న గుట్టకు నడచితిమి. గుట్టమీద ఇటుకలతో కట్టిన గుండ్రని దిబ్బయు, దానిచుట్టు కొన్ని రాతిపలకలును కనబడినవి. ఎత్తైన గోపురములను తలచుకొని వచ్చిన మాకు మొదట నిరాశ కలిగెను.

"మాస్టరుగారూ, ఇదియేనా?" అని ఒకడు అడుగనే అడిగెను.

మాస్టరుగారు నవ్వి మమ్ములను చుట్టును కూర్చుండబెట్టుకొని ఇట్లు చెప్పిరి: "ఇది బౌద్ధస్తూపము. రెండువేల సంవత్సరములకు పూర్వమే ఇచ్చట భిక్షువులు నివసించిరి. జేమ్సు బర్జెస్సు అను పురావస్తు పండితుడు 1882లో దీనిని త్రవ్వించి పరిశీలించెను. అతడు చూచునాటికే స్తూపమును కప్పిన పలకలు పెక్కు మాయమై యుండినవి. చుట్టుపట్లవారు తమ కట్టడములకై రాళ్ళను, ఇటుకలను తరలించుకొని పోయిరి. మిగిలిన శిల్పములలో ముఖ్యమైనవి చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉన్నవి. వానిలో మాంధాత చక్రవర్తి పలక మిక్కిలి ప్రసిద్ధము."

"మాంధాత యెవరండీ?"

"అతడు చేయి యెత్తగా మేఘములనుండి ధనము వర్షించినదట. శిల్పి ఆ ఘట్టమునే చెక్కినాడు. రాజు చేయి పైకెత్తి నిలిచియుండును. మబ్బులనుండి చదరపు నాణెములు రాలుచుండును. చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము, మణి, రాణి, కోశాధికారి, మంత్రి యను సప్తరత్నములు. బౌద్ధుల కథలో మాంధాత అంతటితో తృప్తి చెందడు. స్వర్గమునకు పోయి ఇంద్రుని సింహాసనమున సగము పొందును. తక్కిన సగమునుకూడ కోరినంతనే భూమిమీద పడును. ఆశకు అంతు లేదని చెప్పు శిల్పము ఈ ధనబోడుమీదనే నిలిచియుండెనన్న మాట మరువకుడు."

పిమ్మట మాస్టరుగారు ఇచ్చటి స్తంభశాసనమును గూర్చి చెప్పిరి. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున కృష్ణాతీరమును ఇక్ష్వాకు వంశీయులు పాలించిరి. వారిలో వీరపురుషదత్తుని 20వ పాలనాసంవత్సరమున, వర్షఋతువులో ఎనిమిదవ పక్షము పదవదినమున, సిద్ధార్థుడను శిల్పి ఈ మహాచైత్యమునకు తూర్పుద్వారమున ఐదు ఆయకస్తంభములను నిలిపెను. బుద్ధుని జననము, గృహత్యాగము, జ్ఞానోదయము, ధర్మోపదేశము, నిర్వాణము అను ఐదు ఘట్టములకు అవి గుర్తులు. నాడు ఈ గ్రామము పేరు వెలగిరి.

"దానము చేసినవాడు రాజు కాడు, మంత్రియు కాడు. రాళ్ళు చెక్కి బ్రతికినవాడు, రాళ్ళు చెక్కువాని కుమారుడు. అతడు శాసనములో తన తల్లి నాగిలనిని ముందు నిలుపుకొని, భార్యను, కుమారుడు మూలసిరిని, కూతురును, తమ్ముని కుటుంబమును, బంధుమిత్రులను వెంటబెట్టుకొని, సర్వప్రాణుల హితసుఖములకై ఈ దానము చేసినానని వ్రాయించెను. ఆ రాజు పట్టణము ఏమైనదో చరిత్రకారులు వెదకవలసి వచ్చినది. ఈ శిల్పి తల్లి పేరు మాత్రము నేడు మనము పలుకుచున్నాము" అని మాస్టరుగారు ముగించిరి.

ఆ మాటలు వినుచు నేను కదలక కూర్చుంటిని. దానికి కారణము వేరు. మాస్టరుగారు చెప్పుటకు ముందే, దిబ్బప్రక్కన పడియున్న చిన్న ఇటుకముక్క నొకదానిని తీసి చొక్కాజేబులో వేసికొని యుంటిని. పాతకాలపు వస్తువును ఇంటివద్ద అందరికి చూపవలెనని నా ఉబలాటము. ఇప్పుడది జేబులో బరువుగా తోచెను.

అచ్చటనుండి వేదాద్రికి వెళ్ళితిమి. కృష్ణయొడ్డున కొండమీద నున్న నరసింహక్షేత్రమిది. సోమకాసురుడు వేదములను అపహరింపగా విష్ణువు మత్స్యావతారమెత్తి వానిని తెచ్చెననియు, వేదములు పర్వతరూపము దాల్చి స్వామిని తమపై వెలయుమని వేడుకొనెననియు స్థలపురాణము. ఇచ్చట స్వామి జ్వాలా, సాలగ్రామ, యోగానంద, లక్ష్మీ, వీర నరసింహులుగా పంచరూపములతో పూజలందుకొనుచున్నాడు. సాలగ్రామరూపము నదీగర్భముననే యున్నదందురు.

నదిని చూడగానే మాలో కొందరు దిగుటకు ఉరికిరి. మాస్టరుగారు వెంటనే ఆపిరి. "ఎగువన పులిచింతల జలాశయమున్నది. 2013లో జాతికి అంకితమైన ఆ కట్టడము 45 టి.ఎం.సి.లకు పైగా నీటిని నిలుపును. అచ్చట తలుపులెత్తినచో ఇచ్చట నీరు పెరుగును. నదిని కన్నులతో చూడుడు, మెట్లమీద కాళ్ళు తడుపుకొనుడు, అంతే" అనిరి. మేము అట్లే చేసి సద్దిమూటలు విప్పితిమి. ఒకరి పులిహోర మరియొకరికి, ఒకరి ఆవకాయ పదిమందికి చేరెను.

భోజనానంతరము మాస్టరుగారు నదీతీరపు చరిత్రను చెప్పిరి. గోలకొండనుండి మచిలీపట్నమునకు పోవు పాతబాట ఈ ప్రాంతముమీదుగానే పోయెడిది. పదునేడవ శతాబ్దమున తవెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు ఈ సీమలందు సంచరించి, కృష్ణకు దక్షిణపుటొడ్డున నున్న కొల్లూరు వజ్రపుగనులను గూర్చి వ్రాసెను. మన కంచికచర్ల సమీపమునగల పరిటాలలోను నాడు వజ్రములు దొరకెడివి. మా పొరుగుననే యున్న ముక్త్యాలలో ముక్తేశ్వరాలయమున్నది. ఆ సంస్థానపు రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదు నాగార్జునసాగరు నిర్మాణమునకై మిక్కిలి పాటుపడెను. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆ ప్రాజెక్టునకు పునాదిరాయి వేసెను. వాననే నమ్ముకొన్న ఈ మెరకభూములకు సాగరు ఎడమకాలువ నీరు వచ్చుటలో ఆ కృషికి పాలు కలదు.

"వజ్రములకై వచ్చినవారు గనులు తరుగగానే వెడలిపోయిరి. నీటికై పాటుపడినవారి ఫలము మన పొలములలో ఉన్నది. రాతిని చూడుడు! ఈ సీమలోని సున్నపురాయి ఒకప్పుడు శిల్పమైనది. నేడు సిమెంటు కర్మాగారములలో పిండియగుచున్నది. రెండును మనకు కావలసినవే. కాని సిమెంటు మరల చేసికొనవచ్చును. సిద్ధార్థుని స్తంభమును మరల చేయలేము. ధనబోడువంటి స్థలములను రక్షించుటకే 1958లో చట్టము చేసిరి. ఒక్కొక్కడు ఒక్కొక్క ముక్క చాలునని కొనిపోయిన, ఒక్క మన తరగతితోనే నలుబదిరెండు ముక్కలు పోవును" అనిరి.

నా ముఖము వాడెను. అందరు లేచినపిమ్మట నేను మాస్టరుగారిని సమీపించి, జేబులోని ముక్కను అరచేత పెట్టి చూపితిని. నోట మాట రాలేదు. ఆయన కోపగించుకొనలేదు. "నాయనా, దీనిని నాకిచ్చిన ప్రయోజనమేమి? నేనును దీనికి యజమానిని కాను. దీని చోటు నీకు తెలియును" అని మాత్రము పలికి ముందుకు సాగిపోయిరి.

మరునాడు ఆదివారము. జరిగినది తాతయ్యకు చెప్పి, నాతో రమ్మని వేడుకొంటిని. డెబ్బదియేండ్లుగా చిల్లకల్లులో ఉన్నను ఆయన ధనబోడు ఎక్కి యెరుగడు. కర్ర ఊతగా మెల్లగా నాతోకూడ గుట్ట ఎక్కెను. నేను ఇటుకముక్కను తీసినచోటనే పెట్టి, చేతులు దులుపుకొంటిని. పిమ్మట సిద్ధార్థుని శాసనమును గూర్చి నాకు వచ్చినంతవరకు చెప్పితిని.

తాతయ్య మా ముత్తాతతోపాటు తాపీపని చేసినవాడు. ఆయన కొంతసేపు ఇటుకల వరుసలవంక చూచి, "తల్లిని ముందు నిలుపుకొని అన్నాడా?" అని అడిగెను.

"అవును తాతయ్యా! తల్లి పేరే మొదట వ్రాయించినాడు."

తాతయ్య మాటాడలేదు. తలగుడ్డ తీసి చంకన పెట్టుకొని, స్తూపముచుట్టు ఒక ప్రదక్షిణము చేసెను. నేను ఆయన వెనుక నడచితిని.

ప్రశ్నలు

1. శిల్పి సిద్ధార్థుడు చేసిన దానమేది? శాసనమువలన అతనిని గూర్చి మనకు తెలియుచున్న విషయములెవ్వి?
2. మాంధాత శిల్పము ధనబోడుమీద నుండుటలోని విశేషమును వివరింపుము.
3. "నేనును దీనికి యజమానిని కాను" అను మాటలోని భావమేమి?
4. మీ గ్రామమునకు సమీపముననున్న ప్రాచీన స్థలమును గూర్చి పది వాక్యములు వ్రాయుము.