పాతకాలపు బడికి ఒక రోజు: సందేహాలు – సమాధానాలు

మా బాబు ఇక్కడ ఇంగ్లండ్‌లో ఇయర్ ఫోర్ చదువుతున్నాడు. వచ్చే నెల వాళ్ల స్కూలు పిల్లల్ని హిచిన్‌లోని బ్రిటిష్ స్కూల్స్ మ్యూజియానికి తీసుకెళ్తోంది. విక్టోరియా రాణి కాలం నాటి బట్టలు వేసి పంపమన్నారు. అక్కడ టీచరమ్మ బెత్తం పట్టుకుని గద్దిస్తుందట. మావాడు అసలే భయస్థుడు. పంపనా, ఏదో సాకు చెప్పి మాన్పించనా?
– ఒక తల్లి, లూటన్

తప్పకుండా పంపండమ్మా. బట్టలకోసం డబ్బు తగలెయ్యకండి. తెల్ల చొక్కా వేసి, ముదురు రంగు ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపితే చాలు. ఇంట్లో గుండ్రటి టోపీ ఏదైనా ఉంటే పెట్టండి.

ఇక భయం సంగతి. ఇలాంటి మ్యూజియాల్లో పాఠం చెప్పేవారు ఆనాటి పంతులమ్మ వేషం కట్టినవారు. గోళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూస్తారు, నిటారుగా కూర్చోమంటారు, ఎక్కాలు అందరిచేతా ఒక్క గొంతుతో చెప్పిస్తారు. బెత్తం బల్లమీద మోగుతుందే గానీ పిల్లల ఒంటిమీద పడదు. ఇదంతా నాటకమని ముందురోజు రాత్రే వాడికి చెప్పండి. వాడి స్వభావం గురించి క్లాస్ టీచర్ చెవిన కూడా ఓ మాట వెయ్యండి. అందరిముందూ లేచి నిలబడే వంతు వాడికి రాకుండా వాళ్లే చూసుకుంటారు.

దానితోపాటు, ఆ పంతులమ్మకు అంత కోపం ఎందుకో కూడా వాడికి చెప్పండి. 1862లో ఇంగ్లండ్ ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టింది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టర్ వచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినీ పరీక్షిస్తాడు. చదవడం, రాయడం, లెక్కలు, ఈ మూడింట్లో ఒక్కోదానిలో నెగ్గిన ఒక్కో పిల్లవాడికి బడికి రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు గ్రాంటు. తప్పితే ఆ సొమ్ము పోయినట్టే. చాలాచోట్ల పంతులు జీతం కూడా ఆ గ్రాంటును బట్టే ఉండేది. తడబడే పిల్లవాడు ఎదురుగా కనబడితే ఆయనకు ఇంట్లో పొయ్యి గుర్తొచ్చేది. పిల్లల భయం వెనక పెద్దల భయం ఉండేదన్నమాట. ఇది తెలిసి వెళ్లిన పిల్లవాడు బెత్తాన్ని వేరే కళ్లతో చూస్తాడు.

మా అమ్మాయి అదే మ్యూజియం చూసొచ్చింది. పూర్వం చిన్నపిల్లలు బల్లమీద ఇసుక పోసుకుని వేలితో అక్షరాలు రాసేవారట, అది ఇంగ్లిష్‌వాళ్లు కనిపెట్టిన పద్ధతట. మా తాతగారు వీధిబడిలో ఇసుకలోనే ఓనమాలు దిద్దానని చెప్పేవారు. ఎవరిది ముందు?
– ఒక తండ్రి, స్లౌ

మీ తాతగారి బడిదే ముందు. ఇంగ్లండ్ వాళ్లే కాగితంమీద పెట్టి ఒప్పుకున్న సంగతి ఇది.

1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాధికారి మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర బడికి అధిపతిగా కుదిరాడు. ఒకనాడు దారిలో దేశీయ బడి ఒకటి కనబడింది. పిల్లలు నేలమీద కూర్చుని ఇసుకలో అక్షరాలు దిద్దుతున్నారు. తన బడిలోనూ అలా చేయమంటే కిందివాళ్లు ససేమిరా అన్నారు. అప్పుడాయన ఎనిమిదేళ్ల ఫ్రిస్కెన్ అనే కుర్రాడిని పిలిచి, చిన్నవాళ్లకు ఇసుకలో అక్షరాలు నేర్పే పని అప్పజెప్పాడు. పెద్దవాళ్లు కాదన్న పని ఆ పిల్లవాడు చేసి చూపించాడు. ఇంటికి తిరిగివెళ్లాక 1797లో బెల్ దీన్నంతా పుస్తకంగా అచ్చువేశాడు. ఆ దేశంలో దానికి మద్రాసు పద్ధతి అనే పేరే స్థిరపడింది.

1798లో లండన్‌లో పేదపిల్లలకు బడి పెట్టిన జోసెఫ్ లాంకాస్టర్ తన బడిలో ఇసుక రాతను బెల్ పుస్తకం చూసే మొదలుపెట్టాడు. అయితే ఆ పుస్తకంలో ఇసుక పొడిగా ఉండాలో తడిగా ఉండాలో చెప్పలేదు! లాంకాస్టర్ తడి ఇసుక వాడి నానా తంటాలూ పడ్డాడు. వాడాల్సింది పొడి ఇసుక అని ఆ తర్వాత బెల్ నోటివెంట విన్నాకే దారిన పడ్డాడు. ఈ సంగతి తన పుస్తకంలో తనే రాసుకున్నాడు. మన పల్లెల్లో ఐదేళ్ల పిల్లవాడిని అడిగినా చెప్పేవాడే కదా అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మీ అమ్మాయి చూసిన పెద్ద గది లాంకాస్టర్ పద్ధతికోసం 1837లో కట్టింది. ఒకే గదిలో మూడు వందలమంది మగపిల్లలు, ఒక్కడే పంతులు. అక్షరాలు నేర్చిన పెద్దపిల్లలు మానిటర్లుగా చిన్నవాళ్లకు నేర్పేవారు. చిన్నవాళ్లు గోడవారగా అర్ధచంద్రాకారంలో నిలబడి, గోడకు వేలాడదీసిన అట్టలు చూసి పాఠం చదివేవారు. అందరికీ పుస్తకాలు కొనే స్తోమత బడికి లేదు మరి.

ఇక్కడ మనవాళ్ల గొప్ప చెప్పుకుని ఊరుకోకూడదు. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్, తెలుగు వ్యాకరణం రాసిన ఆయనే, తన జిల్లా బడుల గురించి మద్రాసుకు నివేదిక పంపాడు. తక్కువ ఖర్చుతో రాత నేర్పడం, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం ఎంతో మెచ్చదగ్గవనీ, ఇంగ్లండ్ వీటిని అనుకరించడం సబబేననీ అందులో రాశాడు. అదే నివేదికలో ఇంకో వైపూ ఉంది: బడికి అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడి చేతిలో సున్న, మూడోవాడి నుంచి వరసగా పెరుగుతూపోయే దెబ్బలు. మన పెద్దవాళ్లకు ఇది శ్రీ, చుక్కల ఆనవాయితీగా తెలుసు. బద్ధకస్తుణ్ణి రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసేవారనీ, ఆపకుండా గుంజీలు తీయించేవారనీ కూడా ఆయనే రాశాడు. ఆ వేలాడదీయడమే మన కోదండం. బెత్తం వద్దన్న లాంకాస్టర్ కూడా తప్పుచేసిన పిల్లల్ని బుట్టలో కూర్చోబెట్టి కప్పుకు వేలాడదీయించాడు. మీ అమ్మాయికి ఈ రెండు వైపులూ చెప్పండి. ఇసుక మనదైతే కోదండమూ మనదే.

మా మనవడిది ఎడమచేతి వాటం. మ్యూజియంలో కుడిచేత్తోనే పలకమీద రాయమంటే ఏడుపొచ్చిందట. ఇది సరదానా?
– ఒక అమ్మమ్మ, హౌన్‌స్లో

ఆ కాలంలో జరిగింది అదేనమ్మా. ఎడమచేత్తో రాసే పిల్లల్ని బలవంతంగా కుడిచేతికి మార్చేవారు, మాట వినకపోతే కొట్టేవారు. నాటకంలో ఒక్క నిమిషం చూపిస్తే అర్థముంది. ఏడుపొచ్చేదాకా లాగడం తప్పు. స్కూలుకు ఓ ఉత్తరం రాయండి, తర్వాత వెళ్లే పిల్లలకైనా మేలు జరుగుతుంది.

వేల్స్‌లో కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో పాతకాలపు బడి చూసొచ్చాక మా పాప, "నాన్నా, బడిలో వెల్ష్ భాష మాట్లాడితే మెడలో చెక్కముక్క వేసేవారట" అంది. నిజమేనా? ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టే నేను దానికేం చెప్పాలి?
– ఒక తండ్రి, న్యూపోర్ట్

నిజమేనండి. దాన్ని వెల్ష్ నాట్ అనేవారు. చిన్న చెక్కముక్క, చాలావాటిమీద డబ్ల్యూ, ఎన్ అనే రెండక్షరాలు చెక్కి ఉంటాయి. బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో వేస్తారు. మరొకడు ఆ మాట మాట్లాడుతూ దొరికితే దాన్ని వాడికి అంటగట్టి తను బయటపడాలి. సాయంత్రం బడి వదిలే వేళకు ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. అంటే తోటి పిల్లల మాటలకు చెవులు రిక్కించి కాపు కాయడం బడే నేర్పింది. దెబ్బలకన్నా ఇదే నాకు ఎక్కువ బాధగా ఉంటుంది. ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చి పెట్టించింది కాదిది. ఊరి పంతుళ్లు పెట్టారు, ఇంగ్లిష్ వస్తే పిల్లలు బాగుపడతారని చాలామంది తల్లిదండ్రులూ ఊరుకున్నారు.

మన దగ్గర కూడా 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో, ఇక తెలుగు మాట్లాడను అని రాసిన పలకలు వేలాడదీశారు. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి, రాష్ట్రమంతా గగ్గోలెత్తింది. పాపకు అదీ చెప్పండి. తెలుగు కోసం మీరు పట్టుబట్టడం మంచిదే. కాకపోతే ఇంగ్లిష్ మాట దొర్లినప్పుడు కసరకుండా, అదే మాట తెలుగులో మీరు అనెయ్యండి.

మాది అనంతపురం జిల్లాలో ప్రభుత్వ పాఠశాల. అలాంటి మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లే అవకాశం మాకు లేదు. మేమేం చేయగలం?
– ఒక ఉపాధ్యాయుడు

మాస్టారూ, మీరు కోరే సరుకు మీ చుట్టూనే ఉంది. 1882 దాకా మీ జిల్లా బళ్లారిలో భాగమే, కాబట్టి పైన చెప్పిన కాంప్‌బెల్ నివేదిక మీ ఊళ్ల గురించి కూడా. అప్పట్లో జిల్లా మొత్తమ్మీద 533 బడులు, అందులో తెలుగు నేర్పేవి 226. చదివేవారు 6,641 మంది, వారిలో ఆడపిల్లలు అరవైమంది. ఈ అంకెలు బోర్డుమీద రాసి, మిగతా ఆడపిల్లలు ఆ వేళకు ఎక్కడుండి ఉంటారని పిల్లల్నే అడగండి. వాళ్ల జవాబులు మీరు చెప్పబోయే పాఠంకన్నా పదునుగా ఉంటాయి.

తర్వాత మీ బడి అడ్మిషన్ రిజిస్టర్లలో అన్నిటికన్నా పాతది తీయండి. మొదటి ఆడపిల్ల పేరు ఏ ఏట చేరింది? దళిత వాడనుంచి మొదటి పిల్లవాడు ఏ ఏట వచ్చాడు? చేరినవాళ్లలో మధ్యలో మానేసిందెవరు? ఆ పుటలు మీరే చూసి సంవత్సరాలు, లెక్కలు మాత్రం పిల్లలకివ్వండి. ఆ పేర్లవాళ్ల కుటుంబాలు ఇంకా ఊళ్లోనే ఉంటాయి గనక పేర్లు బయటపెట్టవద్దు.

చేతిపని కూడా ఉండాలి. జల్లించిన పొడి ఇసుక పళ్లెంలో పోసి అ, ఆ దిద్దించండి. వేలు ఎంత లోతుకు దిగాలో, తుడిచి మళ్లీ రాయడం ఎంత తేలికో వాళ్లకే తెలుస్తుంది. తాటాకు దొరికితే గంటంలాంటి మొనతేలిన ఇనుపపుల్లతో ఒక్క పేరు గీయించి, పైన మసి రాసి తుడవమనండి. గీత నల్లగా తేలుతుంది. ఊళ్లో వీధిబడి చూసిన పెద్దలెవరైనా ఉంటే ఓ పూట పిలిపించండి, ప్రశ్నలు మాత్రం పిల్లల్నే రాసుకురమ్మనండి.

గుంజీలు, గోడకుర్చీ, కోదండం మాత్రం నాటకంగానైనా పిల్లలచేత చేయించకండి. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. పైగా మన బడుల్లో అవి ఇంకా పూర్తిగా పాత సంగతులు కాలేదు.