రాయీ కొయ్యా కలిసిన ఇల్లు

హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ, సిమ్లా, కిన్నౌర్ ప్రాంతాల పాత గ్రామాలలో ఒక విశిష్టమైన రాతి ఇల్లు కనిపిస్తుంది. దాని గోడపై అడ్డంగా చారలు తీర్చినట్లుంటుంది. ముదురు రంగు చార దేవదారు దూలం. బూడిద రంగు చార రాతి వరస. ఈ నిర్మాణ పద్ధతిని అక్కడివారు ‘కాఠ్‌కుణీ’ అంటారు. కాఠ్ అనగా కొయ్య, మనమెరిగిన కాష్ఠమే. కుణీ అనగా మూల. పేరులోనే ఇంటి రహస్యమంతా ఉన్నది.

రాతి పునాదిపై, గోడ లోపలి అంచున ఒకటి, వెలుపలి అంచున ఒకటి చొప్పున రెండు దూలాలను సమాంతరంగా పరుస్తారు. వాటి నడుమ ఖాళీని రాళ్లతో నింపుతారు. దూలాలు ఎడం కాకుండా అక్కడక్కడ అడ్డకొయ్యలను గాడిలో బిగిస్తారు. వాటిపై రాతి వరస, ఆపై మళ్లీ దూలాలు. మూలల్లో ఒక గోడ దూలం పక్క గోడ దూలంపై ఎక్కి కూర్చుంటుంది. కొయ్య మేకులే తప్ప ఇనుము లేదు; రాళ్ల మధ్య సున్నమూ లేదు. కింది అంతస్తు పశువులది. శీతకాలంలో వాటి ఒంటి వెచ్చదనం పైకి చేరుతుంది. ఎండ పడేందుకు పై అంతస్తు కొయ్య వసారాతో వెలుపలికి పొడుచుకొని ఉంటుంది. అన్నిటికీ పైన బరువైన పలకరాళ్ల కప్పు.

1905 ఏప్రిల్ 4న కాంగ్రా భూకంపంలో దాదాపు ఇరవై వేలమంది మరణించారు. ఈ పద్ధతిలోనే కట్టిన కులూ లోయలోని నగ్గర్ కోట ఆ కుదుపును తట్టుకొని నిలిచింది. సున్నం లేని రాళ్లు భూమి కదిలినప్పుడు ఒకదానిపై ఒకటి కొద్దిగా జరుగుతాయి. ఆ రాపిడిలో కుదుపు బలం కొంత ఖర్చవుతుంది. దూలాలు మాత్రం నాలుగు గోడలనూ విడిపోనీయవు.

రాతి ఇళ్లన్నీ ఇలాంటివి కావు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి వద్ద వచ్చిన భూకంపం హైదరాబాదు వాసులనూ నిద్రలేపింది. అక్కడి ఇళ్ల గోడలూ రాతివే, మందమైనవే. కాని బండరాళ్లను మట్టితో పేర్చారు. గోడ రెండు ముఖాలనూ కలిపే పొడవాటి రాయి లేదు, చుట్టూ బిగించే పట్టీ లేదు. గోడలు రెండుగా చీలి కూలాయి. మందపాటి మట్టి కప్పులు నిద్రిస్తున్నవారిపై పడ్డాయి. వేలాదిమంది మరణించారు. దోషం రాయిది కాదు, కూర్పుది. తక్కువ బలం గల రాతి కట్టడాలకు భారతీయ ప్రమాణాల సంస్థ 1993లో వెలువరించిన సూచనలు కోరేదీ ఈ బంధాలనే: గోడ చుట్టూ పట్టీలు, గోడను దాటే రాళ్లు.

నేడు కొండ ఊళ్లలోనూ సిమెంటు ఇళ్లు పెరిగాయి. దేవదారు దొరకడం కష్టమైంది. అడవిని కాపాడే నిబంధనలను తప్పుపట్టలేము. ఒక్క ఇంటికి పట్టే కలప తక్కువేమీ కాదు. అందువల్ల కొత్తవి కట్టడం కంటె ఉన్నవాటిని నిలుపుకోవడమే ముఖ్యమైన పని. అందుకు ఈ నిర్మాణమే వీలు కల్పిస్తుంది. సున్నం అంటలేదు గనుక గోడను వరసవరసగా విప్పవచ్చు. పుచ్చిన దూలాన్ని మార్చి, ఆ రాళ్లనే తిరిగి పేర్చవచ్చు. పాత ఇంటి దూలాలు మరో ఇంటి గోడలోకి చేరడం అక్కడ వింత కాదు.