కుందులు తోమావా?

సాయంత్రం దేవుడి గూటి ముందు దీపం వెలిగించి, చేతులు జోడించి, ఏమడగాలో తోచక అలా నిలబడిపోయిన రోజులు నీకూ ఉన్నాయా? అవతల కుక్కర్ కూత వేస్తుంటుంది. పిల్లాడు పెన్సిల్ ఏదంటాడు. మన నోరు మాత్రం రోజూ చదివే శ్లోకం చదివేస్తూ ఉంటుంది. మనసేమో కాస్త పక్కన నిలబడి, "ఇదంతా ఎవరైనా వింటున్నారంటావా?" అంటుంది. వెంటనే లెంపలేసుకుంటాం. అవునా?

కాస్త వయసొచ్చాక చాలామందికి ఇలాగే అవుతుందమ్మా. హాల్‌టికెట్ దేవుడి పటం ముందు పెట్టి పరీక్షకు వెళ్లిన మనమే, ఇప్పుడు స్కానింగ్ రిపోర్టు పట్టుకుని డాక్టరు ముఖంలో ఏముందో వెతుక్కుంటున్నాం. మొక్కుకున్నవాళ్లూ మొక్కనివాళ్లూ ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద పడుకోవడం చూశాం. ఉన్నది ఉన్నట్టు చూడటం అలవాటయ్యేసరికి, భక్తి తగ్గిపోతోందేమో, మనమే పాడైపోయామేమో అని ఒక బెంగ. ముందు ఆ బెంగ దింపెయ్. టీ చల్లారిపోతోంది, తాగుతూ విను.

నా సంగతి చెప్తాను. అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు అలిపిరి నుంచి నడిచి తిరుమల కొండెక్కాను. 3550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ల మీద ఎక్కాను. మూడు నెలలకు అమ్మ పోయింది. కార్యక్రమాలన్నీ అయ్యాక దీపం పెట్టడం మానేశాను. కోపమని కూడా చెప్పలేను, దేవుడితో మాట్లాడబుద్ధి కాలేదు, అంతే. అప్పుడు మా పెద్దమ్మ వచ్చింది. నాకేదో హితబోధ చేస్తుందని బిగుసుకుని కూర్చున్నాను. ఆవిడ గూట్లోంచి కుందులు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "దీపం పెట్టాలని లేకపోతే మానెయ్యి. కిలుం మాత్రం పట్టనివ్వకు, మీ అమ్మవి ఇవి" అంది. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. వారం వారం చింతపండు వేసి తోముతూ వచ్చాను. వెలిగించకుండానే.

తోముతూ తోముతూ ఒకటి గమనించాను. కొండెక్కినప్పుడు నేను చేసింది బేరం. నేను మెట్లెక్కుతాను, నువ్వు అమ్మను బతికించు అని. ఆ బేరం చెడింది. చెడ్డాక ఆయనకూ నాకూ మధ్య ఇంకేమైనా మిగిలిందా అని మొదటిసారి చూసుకోవాల్సి వచ్చింది. బేరాన్ని నేను వెక్కిరించడం లేదు సుమా! చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. హుండీ కూడా ఉండదక్కడ. ఆ ధైర్యంతో వీసా ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కానీ వీసా రాని పిల్ల కూడా ఇంటికొచ్చి అన్నం తినాలి కదా? ఆ రాత్రి దానికి ఆసరా ఏది?

అనుమానం పాపమని మనకెవరు చెప్పారో గానీ, మన పెద్దవాళ్లు మాత్రం అలా అనుకోలేదు. పోతనగారి గజేంద్రుణ్ణి గుర్తు తెచ్చుకో. మొసలితో వెయ్యేళ్లు సొంత బలంతో పోరాడాడు. ఇక నా వల్ల కాదని తెలిశాకే దేవుణ్ణి పిలిచాడు. పిలుస్తూ పిలుస్తూనే, అసలున్నాడా లేడా అని సందేహపడ్డాడు. ఆ సందేహంతో కలిసి వచ్చిన పిలుపు విని, విష్ణుమూర్తి పక్కనున్న లక్ష్మీదేవికైనా చెప్పకుండా బయల్దేరాడు. అమ్మమ్మలు ఆ పద్యాలే కదా మనకు కంఠతా పట్టించారు! రామదాసు మాత్రం తక్కువ తిన్నాడా? గోల్కొండ చెరసాలలో కూర్చుని, సీతమ్మకు ఏం చేయించానో, లక్ష్మణుడికి ఏం చేయించానో నగల లెక్క చదివి రాముణ్ణి నిలదీశాడు. మళ్లీ తిట్టినందుకు తనే సర్దిచెప్పుకున్నాడు. మన ఇంట్లోవాళ్లతో మనం పోట్లాడేదీ ఇలాగే కదా?

ఇంకా గుబులుగా ఉంటే వరలక్ష్మీ వ్రతం పుస్తకం తీసి చూడు. సంకల్పంలోనే యథాశక్తి అనే మాట ఉంటుంది. చేతనైనంత చేస్తానని ముందే చెప్పేసుకుంటున్నాం. చివర్లో మంత్రం తప్పినా, క్రియ తప్పినా, భక్తే లోపించినా మన్నించమని అడుగుతాం. చూశావా, మనసు నిలవని రోజు ఒకటి వస్తుందని పూజ రాసినవాళ్లకు ముందే తెలుసు!

అందుకే షుగర్ మాత్రలు వేసుకుంటూ ఏకాదశికి కటిక ఉపవాసం ఉండే అమ్మల మీద నాకు కోపం. తిని మాత్ర వేసుకో, దేవుడేమీ అనుకోడు. రంజాన్ నెలలో ఒంట్లో బాగాలేనివాళ్లు ఉపవాసాన్ని తర్వాతి రోజులకు మార్చుకోవచ్చని ఖురానే వెసులుబాటు ఇచ్చింది. గుళ్లూ పరిస్థితికి తగ్గట్టు సర్దుకున్నాయి. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు తిరుమలలో దర్శనాలు ఆపేశారు. లోపల కైంకర్యాలు ఏకాంతంగా జరుగుతూనే ఉన్నాయి. ఏప్రిల్ 2న భద్రాచలం కల్యాణం కూడా భక్తులు లేకుండానే చేశారు. ఆ రోజు టీవీ ముందు కూర్చుని తలంబ్రాలు చూసిన మనకు భక్తి తగ్గిందా? నాకైతే ఆ ఖాళీ ప్రాంగణం చూసినప్పుడే గొంతు పట్టేసింది.

అందరికీ నమ్మకం ఇలా గట్టిపడుతుందని నేను మాటివ్వను. కొందరు ఉన్నది ఉన్నట్టు చూసి నమ్మకం వదిలేస్తారు, హాయిగానే బతుకుతారు. విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన గోరాగారితో గాంధీగారు సేవాగ్రాంలో కూర్చోబెట్టుకుని మాట్లాడలేదూ? మీ ఆయన దణ్ణం పెట్టనంటే పోరు పెట్టకు. ప్రసాదం మాత్రం చేతిలో పెట్టు, పులిహోర ఎవరూ కాదనరు.

ఈ రాత్రికి నీకో పని చెప్తాను, చెయ్యాలి మరి. పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు, బాకీ ఉన్న మొక్కులన్నీ రాయి. ఎప్పుడో గుర్తులేనివి కూడా. చేతనైనవి ఈ ఏడాదిలో తీర్చెయ్. చేతకానివాటి గురించి దేవుడి ఎదురుగా నిలబడి, నా వల్ల కాదు స్వామీ అని చెప్పెయ్. బాబుకు జ్వరం వచ్చిన ప్రతిసారీ ఫలానా మొక్కు తీర్చలేదనే ఇలా అయిందని రాత్రంతా కుమిలిపోవడం ఇక చాలు. జ్వరం రెండు రోజులు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇంకోటి. ఎవరింట్లోనైనా కష్టం వస్తే "కర్మ" అనే మాట నోటిదాకా రానీకు. అమ్మ పోయినప్పుడు నాతో ముగ్గురు అన్నారు. ఆ ముగ్గురి పేర్లూ నాకు ఇప్పటికీ గుర్తే.

నేను మళ్లీ దీపం ఎప్పుడు పెట్టానంటావా? ఏదో శుక్రవారం. తోమి బోర్లించిన కుందులు తళతళలాడుతుంటే, ఊరికే చేతిలోకి తీసుకుని, నూనె పోసి వెలిగించాను. ఏమీ అడగలేదు. "అమ్మ జాగ్రత్త" అని మాత్రం అన్నాను. అది ప్రార్థనో, అప్పగింతో నాకూ తెలీదు.

సరే, నీ కుందులు ఎలా ఉన్నాయి? చింతపండు నిండుకుంటే నిమ్మచెక్కకు కాస్త ఉప్పు అద్ది రుద్దు, కిలుం బాగానే వదులుతుంది.