‘ఇచ్చేశానని చెప్పాను’

మంగళగిరి,
ఆదివారం

బుజ్జీ,

స్టెనోగా చేరిన రోజు నువ్వు వాట్సాప్‌లో పంపిన జాయినింగ్ రిపోర్టు ఫొటో మీ పెద్దమ్మకు చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చూసి మురిసిపోయింది. నేనూ రెండుసార్లు చూశాను గాని, రెండోసారి ఎర్రసిరా పెన్ను కోసం జేబు తడుముకుంటూ చూశాను. ముప్పై ఏళ్ళు కోర్టులో టైపు మిషను ముందు కూర్చున్నవాడి జబ్బు అది. ‘ఐ హావ్ జాయిన్డ్ డ్యూటీ ఆన్ మండే’ అని రాశావు. రోజు చెప్పేశాక ఆ ‘హావ్’కు అక్కడ పనిలేదు, ‘ఐ జాయిన్డ్’ చాలు. జాయినింగ్ రిపోర్టులో దీన్ని ఎవరూ పట్టించుకోరు. సాక్షి వాంగ్మూలంలో పట్టించుకుంటారు. ఫోనులో చెబితే ‘సరే పెదనాన్నా’ అనేసి వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నాను.

ఈ ‘హావ్’ మనకు చాలావరకు దస్తావేజు లేఖరుల దగ్గరనుంచి అంటుకుందని నా అనుమానం. ‘ఇచ్చియున్నాను’, ‘బాకీ పడియున్నాను’ అని వాళ్ళు రాస్తారు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. ఫైల్లో ‘యున్నాను’ కనబడగానే మన చెయ్యి దానంతట అదే ‘హావ్’ కొట్టేస్తుంది, పక్కన తేదీ ఉందా లేదా అని చూడదు. తేదీ ఉంటే కొట్టకు. ఆ సంగతి అంతటితో సరి.

అసలు చిక్కు ‘అని’తో వస్తుంది. చిన్నప్పుడు నిన్ను కొండమీదికి తీసుకెళ్ళాను, గుర్తుందా? పూజారిగారు స్వామి నోట్లో శంఖంతో పానకం పోస్తుంటే గుటగుటమని చప్పుడు వినబడి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. చప్పుడు ఆగింది. ‘స్వామి తాగారమ్మా’ అంటూ మిగిలిన సగం మన బిందెలో వదిలారు. బిందె మన చేతిలో ఉంది, సగం పానకం కళ్ళెదుట ఉంది. అక్కడ నిలబడి ఇంగ్లీషులో చెప్పాల్సివస్తే ‘హాజ్ డ్రంక్’ అనాలి. కిందికి దిగివచ్చి నాయనమ్మతో ఏమన్నావు? ‘స్వామి తాగారని పూజారిగారు చెప్పారు’ అన్నావు. పైన ఉన్న ‘తాగారు’ కింద కూడా ‘తాగారు’గానే ఉంది, వెంట్రుకవాసి కదలలేదు. ఇంగ్లీషులో మాత్రం అది ‘సెడ్ దట్ ది లార్డ్ హాడ్ డ్రంక్’ అయిపోతుంది. పూజారి చెప్పడమే జరిగిపోయిన సంగతి కాబట్టి, తాగడం ఇంకో మెట్టు వెనక్కి జరుగుతుంది.

మన ‘అని’ పుట్టిందే ‘అను’ అనే క్రియలోనుంచి. అందుకే దాని ముందున్నది ఎదుటిమనిషి నోటిమాటే, అతని గడియారంతో సహా. ‘అతను డబ్బు ఇచ్చేశానని చెప్పాడు’ అంటాం. బయట అతను, లోపల నేను! ఇంగ్లీషువాడికి ఇది వింతగా ఉంటుంది. వాడు ‘దట్’ పెట్టిన మరుక్షణం లోపలి మనిషినీ లోపలి కాలాన్నీ తన వైపునుంచి మళ్ళీ లెక్కకట్టుకుంటాడు. బ్రౌను దొర మన కచేరీల్లో వాడే మాటలకు 1852లో ‘జిల్లా డిక్షనరీ’ అని ఓ పుస్తకం వేశాడు. మాటలకు అర్థాలు దొరికాయి గాని, ఈ కాలాల గొడవ మనలాంటి గుమాస్తాల నెత్తినే మిగిలింది.

గొడవ అని ఊరికే అనడం లేదు. నా చేతిమీదుగా జరిగింది ఒకటి చెబుతాను. ఏ కోర్టో అడగొద్దు. ప్రోనోటు దావా. ప్రతివాది మనలాంటి ఊరి నేతపనివాడు. బోనులో నిలబడినా గుంటమగ్గంలో ఉన్నట్టే కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కదుపుతున్నాడు. ‘పెద్దమనుషుల్లో కూర్చున్న రోజు, డబ్బు ఇచ్చేశానని చెప్పానండీ’ అన్నాడు. జడ్జిగారు డిక్టేట్ చేశారు. ‘హాడ్’ అన్నారో లేదో ఫ్యాను చప్పుడులో నాకు వినబడలేదు, అడగడానికి మొహమాటపడ్డాను. ‘ఆన్ దట్ డే ఐ టోల్డ్ ది ఎల్డర్స్ దట్ ఐ పెయిడ్ ది మనీ’ అని కొట్టాను.

ప్రోనోటుకు మూడేళ్ళ గడువని నీకు తెలుసు. ఆ లోపల కొంత కట్టి, చెల్లు రాసి సంతకం పెడితే గడువు మళ్ళీ మొదలవుతుంది. అలాంటి దావాల్లో ఎంత ఇచ్చాడన్నది ఎంత ముఖ్యమో, ఎప్పటికి ఇచ్చాడన్నదీ అంతే. వాదనలప్పుడు అవతలి వకీలు లేచి, ‘ఆ రోజే ఇచ్చానంటున్నాడు, మరి ఇస్తుండగా చూసిన పెద్దమనిషి ఏడీ?’ అన్నాడు. మనవాడేమో కూర్చోడానికి రెండు నెలల ముందే ఇచ్చానంటాడు. చివరికి అతన్ని మళ్ళీ బోనెక్కించాల్సివచ్చింది. ‘చీర మగ్గంమీదే ఉందండీ, ఒక రోజు పోయింది’ అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా. నేను తల ఎత్తలేదు.

ఇప్పటికీ నన్ను తొలిచేది ఆ తప్పు కాదు. సంతకానికి ముందు వాంగ్మూలం చదివి వినిపించింది కూడా నేనే. ‘ఆ రోజు డబ్బు ఇచ్చానని చెప్పావు, అంతేనా?’ అన్నాను. ‘అంతేనండి’ అన్నాడు. ‘పెయిడ్’ అన్నా ‘హాడ్ పెయిడ్’ అన్నా తెలుగులోకి తిప్పేసరికి రెండూ ‘ఇచ్చాను’ అయిపోతాయి. కాగితంమీద తప్పుంది, నా నోట్లో తప్పు లేదు. అతను మాత్రం ఏం పట్టుకుంటాడు?

కాబట్టి ‘దట్’కు ముందు ఏ క్రియ ఉందో చూసుకో. ‘చెప్పాడు’, ‘అనుకున్నాడు’, ‘ఒప్పుకున్నాడు’ లాంటివైతే లోపలిది వెనక్కి జరుగుతుందా అని ఆలోచించు. ‘పట్టుబట్టాడు’ దగ్గర మరీ జాగ్రత్త. ఇచ్చానని పట్టుబట్టడం వేరు, ఇవ్వాలని పట్టుబట్టడం వేరు. తెలుగులో లోపలి మాటే తేడా చెప్పేస్తుంది. ఇంగ్లీషులో మొదటిది ‘ఇన్‌సిస్టెడ్ దట్ హి హాడ్ పెయిడ్’, రెండోది ‘ఇన్‌సిస్టెడ్ దట్ హి పే’. ఆ ‘పే’కు ‘హాడ్’ తగిలించావంటే డిమాండు కాస్తా సాక్ష్యం అయిపోతుంది. ‘డినైడ్’లో ఇంకో గొయ్యి ఉంది. ‘తీసుకోలేదన్నాడు’లోని ‘లేదు’ను ఆ క్రియే మింగేస్తుంది, ‘డినైడ్ దట్ హి హాడ్ రిసీవ్డ్’ అంటే సరిపోతుంది. లోపల మళ్ళీ ‘నాట్’ పెట్టావో, తీసుకున్నట్టు ఒప్పుకున్నాడని అర్థం.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో రోజూ వినబడే ‘ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్ ఐ హావ్ నాట్ పెయిడ్’ మాత్రం ముట్టుకోకు. చెవికి ఎంత గరుకుగా ఉన్నా, సాక్షి ఇప్పుడు, ఇక్కడ నిలబడి చెబుతున్నది కాబట్టి అక్కడ ‘హావ్’ నిలుస్తుంది. పోలీసుల దగ్గర ఏం చెప్పాడో, బోనులో ఏం చెబుతున్నాడో పక్కపక్కన పెట్టి పీకేటప్పుడు చూడు. పాత సాక్ష్య చట్టంలో అది 145 సెక్షను, 2024 జూలై నుంచి కొత్తదాంట్లో 148. అక్కడ వకీళ్ళు ‘హాడ్’నూ ‘హావ్’నూ గోటితో గిల్లి మరీ చూస్తారు.

వినబడకపోతే అడుగు. జడ్జిగారు విసుక్కుంటారు, విసుక్కోనీ. చదివి వినిపించేటప్పుడు మాత్రం నీ కాగితంలో ‘హాడ్’ ఉంటే తెలుగులో ‘అప్పటికే’ అని ఒక్క మాట కలుపు. ‘ఆ రోజు, అప్పటికే డబ్బు ఇచ్చేశానని చెప్పావు, అంతేనా?’ అప్పుడు ‘అంతేనండి’ అంటాడో, ‘కాదండీ, అక్కడే ఇచ్చాను’ అంటాడో అతని ఇష్టం.

మీ పెద్దమ్మ నీకోసం నిజాం అంచు చీర ఒకటి తీసి ఉంచింది. వచ్చేటప్పుడు ఆ జాయినింగ్ రిపోర్టు ఆఫీసు కాపీ కూడా పట్టుకురా, ఎర్రసిరా పెన్ను దొరికింది.

మీ పెదనాన్న