ఖాళీ పంక్తి

పూర్వము తాళపత్రములపై వ్రాయు లేఖకులు సాధారణముగా పదములకు నడుమ ఎడము విడుచువారు కారు. పద్యమంతయు ఒక్క దారమువలె సాగెడిది. కావున గురువులు శిష్యులచే ముందుగా పదవిభాగము చేయించి, పిదప అన్వయమును, ఆపైన తాత్పర్యమును చెప్పించుచుండిరి. విరువవలసిన చోట విరువనిచో అర్థమే మారిపోవును. ఈ నియమము కంప్యూటరునకును వర్తించునని మా మనుమరాలి వలన నాకు తెలిసినది.

ఎరిక్ వాస్టల్ అను అమెరికా దేశీయుడు 2015వ సంవత్సరమున 'ఆడ్వెంట్ ఆఫ్ కోడ్' అను పేర ప్రోగ్రామింగు సమస్యల పోటీని ప్రారంభించెను. ప్రతి డిసెంబరులో దినమునకొక్కటి చొప్పున సమస్యలు వెలువడును. 2022 డిసెంబరు 1వ తేదీ నాటి సమస్య ప్రారంభకులకు తగినది. ఎల్ఫులనబడు కథాలోకపు చిన్న మనుష్యులు అడవికి పోవుచు తినుబండారములను మోసికొని పోవుదురు. ఒక్కొక్క పదార్థమునందలి కేలరీల సంఖ్య ఒక్కొక్క పంక్తిలో నుండును. ఒకరి మూట ముగిసి మరియొకరి మూట మొదలగు చోట ఒక ఖాళీ పంక్తి యుండును. అందరికంటె ఎక్కువ కేలరీలు మోయువాని మొత్తమెంత? ఇదియే ప్రశ్న.

దానిని పోలిన చిన్న ఉదాహరణమును చూడుడు:

1200
900

2500

2000
700

ఇందు మూటలు మూడు. వాని మొత్తములు 2100, 2500, 2700. కావున సమాధానము 2700.

మన కంటికి మూటలు వేరువేరుగా కనబడుచున్నవి. యంత్రమునకో, ఇది ఒకదాని వెంట నొకటి వచ్చు గుర్తుల వరుస మాత్రమే. పంక్తి ముగియుట కూడ దానికొక గుర్తే. ఆ గుర్తులు రెండు వెంటవెంట వచ్చినచో నడుమ ఖాళీ పంక్తి కలదని గ్రహింపవలెను. అంతియ కాదు, పైథాన్ వంటి భాషలో చదివిన '1200' మొదట సంఖ్య కాదు, నాలుగు గుర్తులు మాత్రమే. దానికి '900' కలిపినచో '1200900' అగును గాని 2100 కాదు. కనుక ముందుగా సంఖ్యగా మార్చి, పిదప కూడవలెను.

మా మనుమరాలు ఇవన్నియు తెలిసికొనియే ప్రోగ్రాము వ్రాసెను. సంఖ్య వచ్చినపుడెల్ల కూడుచు, ఖాళీ పంక్తి వచ్చినపుడు ఆ మొత్తమును అంతవరకు దొరికిన పెద్ద మొత్తముతో పోల్చి, మరల సున్నతో మొదలిడునట్లు ఏర్పరచెను. పై ఉదాహరణమునకు 2500 అని వచ్చెను! కూడికలను పలుమార్లు సరిచూచెను, తప్పు కానరాలేదు. "తాతయ్యా! నాకీ విద్య రాదు" అని కంటనీరు పెట్టుకొనెను.

"యంత్రమువలె ఒక్కొక్క పంక్తినే చదువుము" అని నేను కాగితమును ఆమె ముందుంచితిని. ఆమె వ్రేలు చివరి 700 కడ ఆగెను. "దీని తరువాత ఖాళీ పంక్తి లేదు కదా!" అనెను. అందుచే చివరి మూటను పోల్చుట జరుగలేదు. పంక్తులన్నియు ముగిసిన పిదప మరియొకమారు పోల్చుమని ఒక ఆజ్ఞను చేర్చగా 2700 వచ్చెను.

బాలబాలికలారా! ఆమెకు కూడిక వచ్చును. తప్పిపోయినది చదువుట. ఇచ్చినది ఎచట విరుగునో, ఎట్లు ముగియునో చూచుకొనక లెక్కకు దిగినచో ఎంతటి నేర్పరియైనను పొరబడును. విద్య రాదని నిరాశపడుటకు ముందు, వ్రేలుంచి మరియొకసారి చదువుడు.

ప్రశ్నలు

1. యంత్రము ఖాళీ పంక్తిని ఎట్లు గుర్తించును?
2. '1200', '900' కలిసి '1200900' అగుటకు కారణమేమి?
3. పై ఉదాహరణము చివర ఒక ఖాళీ పంక్తిని, దాని క్రింద 1500, 1300 అను పంక్తులను చేర్చినచో సరియైన సమాధానమెంత? దిద్దక ముందు ఆ ప్రోగ్రాము ఎంత చెప్పియుండెడిది?