కామెంట్‌లో రాయాల్సింది కారణం

ప్రశ్న: కోకాపేటలో వాహన బీమా క్లెయిమ్‌ల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో పనిచేస్తున్నాను. ఎస్‌క్యూఎల్ క్వెరీల్లో కామెంట్లు రాస్తే మా టీమ్ లీడ్ రివ్యూలో తీసేయమంటారు. 'మంచి కోడ్‌కి కామెంట్లు అక్కర్లేదు' అంటారు. రాయకపోతే నాలుగు నెలలు తిరిగేసరికి నా క్వెరీ నాకే అర్థం కావడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, కోకాపేట

జవాబు: మీ లీడ్ మాటలో సగం నిజముంది. ఆర్డర్ బై లైను మీద 'తేదీ వారీగా అమర్చాం' అని రాస్తే దండగే, ఆ సంగతి లైనే చెబుతోంది. రేపు ఎవరో లైను మార్చి కామెంట్ వదిలేస్తే అది అబద్ధమై కూర్చుంటుంది. ఇలాంటివి తీసేయండి.

కానీ కారణం మాత్రం కోడ్‌లో కనపడదు. మీ వాహనాల టేబులే చూడండి. ఖైరతాబాద్ ఆర్టీఓ బండ్లు కావాలంటే క్వెరీలో ఏపీ 09, టీఎస్ 09, టీజీ 09 మూడూ ఉండాలి. నిన్న చేరిన కుర్రాడికి ఏపీ అక్కడెందుకో తెలియదు. ఆంధ్రా బండ్లు పొరపాటున చేరాయనుకుని కొట్టేస్తాడు. క్వెరీ ఎర్రర్ ఇవ్వదు, పాత బండ్ల క్లెయిమ్‌లు మాత్రం రిపోర్టులోంచి జారిపోతాయి. పైన ఈ రెండు లైన్లుంటే ఆ పని చేయడు:

-- 2014 జూన్‌లో రాష్ట్రం ఏర్పడేదాకా ఏపీ, తర్వాత టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ.
-- పాత బండ్లు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి. మూడూ ఉంచాలి.

జిల్లాలదీ ఇదే కథ. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. పాత క్లెయిమ్‌లో పాత జిల్లా కోడ్ ఎందుకుందో క్వెరీని చూసి ఎవరూ ఊహించలేరు.

స్టేటస్ కాలమ్‌లో 9 అంటే ఏమిటన్నది ప్రతి క్వెరీలోనూ రాయక్కర్లేదు. ఒరాకిల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో 'కామెంట్ ఆన్ కాలమ్' అనే స్టేట్‌మెంట్ ఉంది. దాంతో రాసింది డేటాబేస్‌లోనే ఉండిపోతుంది. పాత క్వెరీలను కామెంట్‌గా మార్చి దాచుకోవద్దు, గిట్ ఉన్నది అందుకే. పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల ఆధార్ నంబర్లు కామెంట్లలో ఎన్నడూ రాయకండి.

లీడ్‌తో వాదన పెట్టుకోకుండా ఆ రెండు లైన్లు చూపించండి. కాదనరనే నా నమ్మకం.

ప్రశ్న: ఒరాకిల్ క్వెరీ శుభ్రంగా ఉండాలని కామెంట్లన్నీ తీసేశాను. సెకన్లలో వచ్చే రిపోర్టు ఇప్పుడు అరగంటకు కూడా రావడం లేదు. కామెంట్లకీ వేగానికీ సంబంధం ఉంటుందా?
- ఒక పాఠకుడు, నార్సింగి

జవాబు: ఉంటుంది. సెలెక్ట్ తర్వాత /*+ అని మొదలయ్యేది మామూలు కామెంట్ కాదు, హింట్. ఏ ఇండెక్స్ వాడాలో, టేబుళ్లను ఏ వరసలో కలపాలో ఆప్టిమైజర్‌కు చెబుతుంది. మీరు తీసేసిన వాటిలో అదీ పోయి ఉంటుంది. నక్షత్రానికీ ప్లస్‌కీ మధ్య ఖాళీ వచ్చినా హింట్ పనిచేయదు, ఎర్రరూ రాదు. మైఎస్‌క్యూఎల్‌లో అయితే /*! తో మొదలయ్యేదాన్ని సర్వర్ నిజంగానే నడుపుతుంది.

గిట్‌లోంచి పాత క్వెరీ తీసి, రెండింటి ఎగ్జిక్యూషన్ ప్లాన్లూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా హింట్ వల్లే అయితే తిరిగి పెట్టి, ఎందుకు పెట్టారో పై లైనులో రాయండి. మొదట రాసినవాళ్లు ఇంకా మీ ఆఫీసులోనే ఉంటే ఇవాళే వెళ్లి అడగండి.