చెయ్యి మంచిది కాదా? గడులు గీసి చూద్దాం

పోయిన వైకుంఠ ఏకాదశి జాగారానికి మా ఇంట్లో దాయం ఆడాం. ఇక్కడ తమిళులు తాయం అనేది ఈ ఆటనే. దాయం, అంటే ఒకటి, పడితేనే కాయ గడిలోకి దిగుతుంది. నేను ఎనిమిదిసార్లు వేశాను, పడలేదు. “నీ చెయ్యి మంచిది కాదే, చెల్లికియ్యి” అనింది అవ్వ. ఆ మాట ఆటతో పోలేదు. తై నెలలో చిన్నాన్న కొత్తింట్లో పాలు పొంగించేటప్పుడు, పొయ్యి వెలిగించడానికి నన్ను కాదని చెల్లిని పిలిచారు.

అప్పుడు లెక్క చూడాలనిపించింది. మీరూ ఒక కాగితం తీసుకోండి.

మా దాయకట్టెలు రెండు పొడుగాటి ఇత్తడి పాచికలు. ఒక్కోదానికి నాలుగు ముఖాలు: ఒకటి ఖాళీ, మిగతావాటి మీద 1, 2, 3 చుక్కలు. రెండిటి చుక్కలూ కూడాలి. రెండూ ఖాళీగా పడితే మాత్రం 12.

పడే పందేలు 1, 2, 3, 4, 5, 6, 12. ఏడు కాబట్టి దాయానికి ఏడింట ఒక వంతు అనుకున్నాను. అది తప్పు. ఏడూ సమానంగా పడవు. ఒక పాచికకు పసుపు రాసి గుర్తు పెట్టుకొని, పట్టిక గీశాను. పైవరుసలో పసుపు పాచిక, ఎడమపక్క రెండోది.

పాచికలు | 0 | 1 | 2 | 3
0 | 12 | 1 | 2 | 3
1 | 1 | 2 | 3 | 4
2 | 2 | 3 | 4 | 5
3 | 3 | 4 | 5 | 6

మొత్తం 16 గడులు, అన్నిటికీ సమాన అవకాశం. ఒకటి రెండు గడుల్లో ఉంది. పసుపుది 1, రెండోది ఖాళీ అయితే ఒక గడి. పసుపుది ఖాళీ, రెండోది 1 అయితే ఇంకో గడి. కాబట్టి దాయం సంభావ్యత 2/16, అంటే 1/8. మూడుకు నాలుగు గడులున్నాయి, 1/4. ఆరుకు, పన్నెండుకు ఒక్కొక్కటే, 1/16.

“ఎనిమిదింట ఒకటైతే ఎనిమిదిసార్లలో ఒకసారి పడాల గదా?” అనింది చెల్లి. పడి తీరాలని లేదు. ఒకసారి పడకపోయే సంభావ్యత 7/8. ఒక పందేనికీ ఇంకో పందేనికీ సంబంధం లేదు కాబట్టి 7/8ను ఎనిమిదిసార్లు హెచ్చవేయాలి. సుమారు 0.34 వస్తుంది. ఎనిమిదేసిసార్లు వేసిన ప్రతి ముగ్గురిలో సగటున ఒకరికి దాయం పడదన్నమాట. ఆ రాత్రి ఆ ఒకరు నేను.

పట్టిక అవ్వకు చూపించాను. వేలితో గడులన్నీ లెక్కపెట్టి, “నిరుడు నాకూ శానాసేపు పడలేదులే” అనింది. నిరుడు అవ్వ చెయ్యి మంచిది కాదని ఎవరూ అనలేదు.

మీకొక లెక్క: మా ఇంట్లో 1, 5, 6, 12 పడితే మళ్ళీ వేయొచ్చు. ఆ అవకాశం ఎంత? గడులు లెక్కపెట్టండి. 6/16, అంటే 3/8 వస్తే మీ పట్టిక సరిగ్గా ఉన్నట్టే.